రెండు నిమిషాల ఒప్పుకోలు

హైదరాబాదులో మేం వెళ్లే చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె తీసుకునే ముందు పాస్టరుగారు ఓ రెండు నిమిషాలు మౌనంగా ఉండమంటారు, ఎవరి పాపాలు వాళ్లు దేవుడి దగ్గర ఒప్పుకోడానికి. ఆ రెండు నిమిషాల్లో నేను ఏళ్లతరబడి ఒకటే పాపం ఒప్పుకుంటూ వచ్చాను. నెలకోసారి ఒప్పుకోవడం, నెలకోసారి క్షమాపణ పొందడం, ఇంటికెళ్లి బిర్యానీ తినడం.

సంగతేంటంటే... 2001 వేసవి సెలవుల్లో వైజాగ్ ఆటోనగర్‌లో, మా మావయ్య లేత్ షాపులో పని నేర్చుకుందామని చేరాను. అప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు. ఓ రోజు జపాను మైక్రోమీటర్ నా చేతిలోంచి జారి గచ్చుమీద పడింది. తుడిచి పెట్టెలో పెట్టేశాను. దాంతో కొలిచి చేసిన షాఫ్టులు నాలుగు రోజులకి వెనక్కొచ్చాయి. మావయ్య అడిగితే "నాకు తెలీదు, హెల్పర్ తీసినట్టున్నాడు" అన్నాను. చూడండి, "తీసినట్టున్నాడు"! అబద్ధంలో కూడా ఎంత జాగ్రత్తో. ఆ కుర్రాడు తను కాదని ఏడ్చాడు. రెండు నెలలు జీతంలో కోత పడింది. మూడో నెలకి పని మానేసి పోయాడు.

మా ప్రొటెస్టెంట్లలో కతోలికుల పాపసంకీర్తనాన్ని వెక్కిరించే అలవాటొకటుంది. దేవుడితో చెప్పుకుంటే చాలదా, మధ్యలో మనిషెందుకూ అని. నేనూ వెక్కిరించినవాణ్ణే. తీరా చూస్తే, 1992లో వచ్చిన వాళ్ల సత్యోపదేశ గ్రంథం 1459వ పేరాలో, దొంగిలించింది తిరిగివ్వాలని, పోగొట్టిన పరువు నిలబెట్టాలని ఉంది. మనం వదిలేసిందల్లా ఆ ముక్కే! లేవీయకాండం 6వ అధ్యాయమైతే లెక్క కట్టి చెబుతుంది: అసలూ, దానిమీద ఐదోవంతూ, అదీ బలి తెచ్చే రోజునే సొంతదారుడి చేతికి. జక్కయ్య నాలుగింతలిస్తానన్నాడు. యేసు అర్పణను బలిపీఠం దగ్గరే వదిలేసి, ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మన్నాడు (మత్తయి 5). ఇవన్నీ సండే స్కూల్లో బట్టీపట్టినవే.

1939లో జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ కూడా ఇదే అనుమానపడ్డాడు, ఒంటరిగా ఒప్పుకునేవాడు తనకి తనే ఒప్పుకుని తనకి తనే క్షమాపణ ఇచ్చుకుంటున్నాడేమోనని. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకిది వెంటనే అర్థమవుతుంది. బగ్ చేసినవాడే దాన్ని మూసెయ్యకూడదు, ఇబ్బంది పడ్డవాడు చూసి సరేననాలి. నేను ఇరవై ఏళ్లకి పైగా నా బగ్ నేనే మూసుకున్నాను, సరిచెయ్యకుండానే.

అయితే క్షమాపణ కొనుక్కోవాలా అంటారేమో. కాదు. కృప ఉచితమే, నాకు. అతని జీతం మాత్రం ఉచితంగా పోయింది.

పోయిన డిసెంబర్లో వైజాగ్ వెళ్లినప్పుడు వెతుక్కుంటూ వెళ్లాను. అదే ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. టీ తెప్పించాడు. జరిగింది చెప్పి, కవరు బల్లమీద పెట్టాను. కోత పడిన డబ్బు, ఇన్నేళ్ల వడ్డీ, ఐదోవంతు. చాలాసేపు గ్యాస్ సిలిండర్లవైపు చూస్తూ కూర్చున్నాడు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు, అతనూ క్షమించానని అనలేదు.

"డబ్బులు సరే బాబూ, మీ మావయ్యగారికి చెప్పారా? ఆయన ఇప్పటికీ నేనే చేశాననుకుంటున్నారు కదా. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఏ షాపుకెళ్లినా అదే మాట వచ్చేది" అన్నాడు.

చెప్పలేదు. ఆ ఆలోచనే రాలేదు. డబ్బు లెక్కయితే పైసలతో సహా కట్టాను గానీ...

మావయ్య ఇప్పుడు గాజువాకలో వాళ్ల చర్చికి పెద్ద. ఆ సాయంత్రమే వెళ్లి చెప్పాను. "ఇన్నాళ్లకెందుకురా ఇప్పుడు" అన్నాడు. తర్వాత అత్తయ్య అన్నం పెట్టినా ఇద్దరం సరిగ్గా తినలేదు. బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి, అతని షాపు ఏ రోడ్డులో అని అడిగాడు. చెప్పాను.