కెమెరా కబుర్లు: ఈ రాయి ఎంత, మామయ్యా?

విశాఖపట్నంలో డిగ్రీ పిల్లలకి జియాలజీ చెప్పే మా మేనకోడలు, "జయాన్ వెళ్తున్నారుగా మామయ్యా, మా క్లాసుకి నాలుగు ఫోటోలు తీసి పంపండి" అంది. నాలుగేమిటి, నలభై పంపాను. ఎరుపు కాస్త పెంచి, అంచులు కత్తిరించి, క్యాలెండర్‌లో వేసుకునేలా! మర్నాడే ఫోను. "చాలా బావున్నాయి. కానీ ఈ రాయి అగ్గిపెట్టెంతా, అపార్ట్‌మెంటంతా?"

నా దగ్గర జవాబు లేదు.

యూటాలోని జయాన్ పార్కులో ఆ ఎత్తైన గోడలు చాలావరకు నవాహో ఇసుకరాయి. సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ ఎడారి. గాలి ఇసుకని తిన్నె ఎక్కించి అవతలి వాలు మీద జార్చేది. జారిన ఆ పొరలే ఇవాళ రాతిలో ఏటవాలు గీతలు. అవి వాలిన వైపే గాలి వీచినట్టు. నేను ఏ దిక్కుకి తిరిగి తీశానో రాయకపోతే పిల్లలకి ఆ గాలి దొరకదు. గీతలు కింద మెల్లగా వంపు తిరుగుతాయి, పైన కోసినట్టు తెగిపోతాయి. పొరలు తలకిందులయ్యాయో లేదో చెప్పేది ఆ తెగిన అంచే. నేను కత్తిరించేసింది సరిగ్గా దాన్నే! ఇక ఎరుపంటారా, అది ఇనుము తుప్పు రంగు. పైభాగంలో ఇనుము కడుక్కుపోయి రాయి తెల్లబడింది. నా కంప్యూటరు పుణ్యమా అని ఆ తేడా కూడా పోయింది.

వసంతంలో మళ్ళీ వెళ్ళాం. "రాళ్ళకోసం రెండోసారా?" అన్న మా ఆవిడనే చెకర్‌బోర్డ్ మేసా ముందు కొలతకి నిలబెట్టాను. దగ్గరి ఫోటోలకి క్వార్టర్ నాణెం పెడదామనుకుంటే, "ఇక్కడ క్వార్టర్ అంటే క్లాసంతా నవ్వుతుంది మామయ్యా, స్కేలు పెట్టండి" అంది మేనకోడలు. మధ్యాహ్నం ఎండలో గీతలు అసలు కనబడలేదు. పొద్దు వాలాక దారిపక్క గట్టుమీద ఒక్కొక్క పొరా లేచి నిలబడింది. మీరు వెళ్తే ఆ వేళకే వెళ్ళండి. పార్కులోంచి రాయి ముక్క తీసుకెళ్ళడం నేరం, తెచ్చుకోగలిగింది ఫోటో ఒక్కటే.

ఈసారి పదకొండే పంపాను. అవి చూపించాక ఆమె పిల్లల్ని భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్ళింది. 2024లో అక్కడ తవ్వకాల గురించి పేపర్లలో చదివే ఉంటారు. "మీరు జయాన్‌కి మళ్ళీ వెళ్ళగలిగారు. ఇక్కడ తవ్వేసిన చోట రెండో ఫోటో ఉండదు" అంది.

పిల్లలు తీసిన మొదటి ఫోటో నాకూ వచ్చింది. ఎర్రటి గట్టు, పక్కన ప్లాస్టిక్ స్కేలు, కింద ఒక వరుస: ఉత్తరానికి తిరిగి, ఉదయం 7 గంటలకి.