ముద్ర ముందు, విచారణ తర్వాత

బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం పేరు చెబితే చాలామందికి ఇప్పటికీ దొంగతనాలే గుర్తొస్తాయి. ఆ ఊరికి దొంగల పేరు అంటగట్టింది చట్టమే. బ్రిటిష్ పాలకులు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను ఒకచోట కట్టిపడేయడానికి 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా అక్కడ సెటిల్‌మెంట్ వెలిసింది. పిలిచినప్పుడు హాజరు పలకాలి, అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. ఎరుకల ఇంట పుట్టడమే అందుకు సరిపోయిన కారణం.

శిక్ష వల్ల సమాజం తన కట్టుబాట్లను మళ్లీ గట్టిపరచుకుంటుందని ఫ్రెంచి సామాజికవేత్త దర్‌ఖైమ్ అన్నాడు. అందులో నిజముంది; దోషికి శిక్ష పడకపోతే బాధితుడికి న్యాయం మీద నమ్మకం చస్తుంది. కానీ ఆ కట్టుబాట్లు ఎవరివి, శిక్ష ఎవరి మీద పడుతోంది అన్నది మార్క్సిస్టుల ప్రశ్న. అమెరికన్ సామాజికవేత్త హోవర్డ్ బెకర్ 1963లో ఇంకో మాట చేర్చాడు: నేరస్థుడన్న ముద్ర చేసిన పని వల్ల కాదు, దాన్ని నేరమని తేల్చి పేరు పెట్టేవాళ్ల వల్లే పడుతుంది. స్టూవర్టుపురం కథ విన్నవాళ్లకు ఈ సిద్ధాంతం కొత్తగా అనిపించదు.

నేరస్థ జాతుల చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. దాని చోట అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఠాణాల్లో సస్పెక్ట్ షీట్లు, రౌడీషీట్లు మిగిలాయి. ఎక్కడ చోరీ జరిగినా ముందు ఆ షీట్లలోని ఇళ్ల తలుపులే తడతారు.

ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో చూడండి. పట్టుకెళ్లినవాడికి కోర్టు బెయిలిచ్చి, ఇద్దరు జామీనుదార్లను తెమ్మంటుంది. నిలబడేవాళ్లు ఇంటిపన్ను రశీదో, ఆస్తి పత్రమో చూపాలి. కూలికెళ్లే ఇల్లాలు ఆ రశీదు కోసం ఎవరి గుమ్మం ఎక్కాలి? వాయిదా వచ్చిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు మీద పడతాయి. బెయిలు కాగితం మీదే ఉంటుంది, మనిషి లోపలే ఉంటాడు. 2022 చివరికి దేశంలోని 5.73 లక్షల ఖైదీల్లో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. వందలో డెబ్బై ఆరుగురి నేరం ఇంకా రుజువు కాలేదు.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ఒక దారి తెరిచింది. ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బెయిలు మీద విడుదల కావాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. అయితే ఒకటికి మించి కేసులుంటే ఆ దారీ మూసుకుపోతుంది. షీట్‌లో పేరున్నవాడి మీద రెండో కేసు పడటం ఎంత తేలికో ఆ ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు.

జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడం రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. జైలు రిజిస్టర్లలోంచి కులం గడిని తీసేయమంది. ఠాణా రిజిస్టర్లనూ అంతే కచ్చితంగా చూడాలి. ఏళ్ల తరబడి కేసు లేనివారి షీట్లు మూసేయాలి. పేదవాడికి ఆస్తి జామీను బదులు సొంత పూచీకత్తు చాలాలి. బహుళ కేసుల నిబంధనను పార్లమెంటు మళ్లీ చూడాలి.

కవి గుర్రం జాషువా కూతురు హేమలత లవణం స్టూవర్టుపురం ఇళ్లకు వెళ్లి, అక్కడివాళ్లను మనుషులుగా పలకరించి మార్పు తెచ్చారు. ఒక మహిళ గడప దాటి చేసిన ఆ పని, అధికారమంతా చేతిలో ఉన్న వ్యవస్థ చేయలేనిదేమీ కాదు.