డబుల్ షాకర్ వద్దు తమ్మీ

మొన్న ఆదివారం పొద్దున్నే కరీంనగర్ నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. డిగ్రీ మొదటి సంవత్సరం. "అన్నా, ఫ్రీరైడ్ సైకిల్ కొందామనుకుంటున్న. ముప్పై వేలున్నయ్. ఏది మంచిగుంటది?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అన్నీ తెలుస్తాయని మా వైపు ఒక నమ్మకం. లాప్‌టాప్, ఫ్రిజ్, చివరికి చిన్నమ్మ వాళ్ళ బోరు మోటారు కూడా నన్నడిగే కొన్నారు. ఈసారి మాత్రం ఆ నమ్మకంలో కొంచెం న్యాయం ఉంది. నా ఎడమ మణికట్టులో ఒక స్టీలు ప్లేటు ఉంది. అది సైకిల్ పుణ్యమే.

ఆ ముప్పై వేలు చిన్నమ్మ చిట్టీ ఎత్తిన డబ్బులు. వాడు ఇంకో మాట కూడా అన్నాడు. "దుకాణంల ఒకటి చూసిన అన్నా. ముందటొకటి, ఎన్కొకటి, రెండు షాకులున్నయ్. పద్దెన్మిది వేలే." నాకు గుండె గుభేలుమంది. ఎందుకంటే సరిగ్గా అలాంటిదే 2011 లో నేనూ కొన్నాను.

అసలు ఈ ఫ్రీరైడ్ అనేది ఎక్కడిదో ముందు చెప్పుకోవాలి. కెనడాలో వాంకూవర్ పక్కన నార్త్ షోర్ అని కొండలున్నాయి. 1990ల్లో అక్కడి కుర్రాళ్ళు అడవిలో పడిపోయిన దుంగల మీద, తామే కట్టుకున్న చెక్క వంతెనల మీద సైకిళ్ళు తొక్కుతూ, బండల మీంచి దూకుతూ మొదలెట్టారు. పందెం లేదు, టైమింగ్ లేదు, ఎవడికి తోచిన దారి వాడిది. 2001 లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో రాంపేజ్ అని పోటీ పెట్టారు. ఎర్రటి కొండ అంచుల మీంచి మనుషులు సైకిళ్ళతో సహా గాల్లో తేలే వీడియోలు అక్కడివే. మా తమ్ముడు చూసేది కూడా అవే. ఆ సైకిళ్ళకి ముందూ వెనకా 170 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా కుదుపు మింగే సస్పెన్షన్ ఉంటుంది. ఒక్క వెనక షాకుకే మా వాడి దగ్గరున్న డబ్బు చాలదు. మన దగ్గర నిఖార్సైన ఫుల్ సస్పెన్షన్ సైకిల్ కొత్తది కావాలంటే లక్ష పైమాటే. ఫ్రీరైడ్‌కి తట్టుకునేదైతే ఇంకా పైన.

మరి 18 వేలకి రెండు షాకులెలా వచ్చాయి?

ఇక్కడే ఉంది మర్మమంతా. నిజమైన షాకులో రెండు పనులు జరుగుతాయి. స్ప్రింగో, గాలో కుదుపుని లోపలికి తీసుకుంటుంది. లోపలున్న నూనె సన్నటి రంధ్రాల గుండా పోతూ ఆ బలాన్ని నెమ్మదిగా తినేస్తుంది, దాన్నే డాంపింగ్ అంటారు. చవక సైకిళ్ళలో వెనక కనిపించే ఎర్ర స్ప్రింగులో చాలావాటికి ఈ రెండో పని చేసేది ఏదీ ఉండదు. స్ప్రింగు ఎంత బలంగా నొక్కుకుంటుందో అంత బలంగా తిరిగి తంతుంది. మన భాషలో చెప్పాలంటే క్లయింటు డెమో కోసం కట్టిన సాఫ్ట్‌వేర్ అన్నమాట. స్క్రీన్లన్నీ తళతళలాడుతుంటాయి, వెనక డేటాబేసే ఉండదు :)

నా కథ ఎక్కువ లేదు. నేరడిగొండ దగ్గర పత్తి చేల మధ్య బండ్ల బాట. ఒక గట్టు మీంచి కిందికి రెండడుగులుంటుందేమో. ముందు చక్రం బాగానే దిగింది. వెనక చక్రం దిగగానే స్ప్రింగు గాడిద తన్నినట్టు తన్నింది. హ్యాండిల్ మీంచి నేను, నా మీంచి సైకిలు. నిర్మల్‌లో కట్టు కట్టారు, హైదరాబాద్‌లో ప్లేటు వేశారు. ఆర్నెల్లు ఎడం చేత్తో టైపు చెయ్యలేదు. ఆ సైకిల్ అమ్మిన దుకాణాయన్ని ఏమీ అనను, ఆయన్ని నేనడిగింది రంగు గురించే.

తర్వాతెప్పుడో తీరిగ్గా దాని పుస్తకం చదివితే అందులో చిన్న అక్షరాల్లో ఉంది, ఈ సైకిల్ దూకడానికీ విన్యాసాలకీ కాదని. సైకిళ్ళకి ఏఎస్‌టీఎం వాళ్ళది ఎఫ్2043 అని ఒక వర్గీకరణ ఉంది. మొత్తం ఐదు తరగతులు. ఒకటోది తారు రోడ్డుకి. రెండోది మట్టి రోడ్డుకి, 15 సెంటీమీటర్ల లోపు ఎత్తు నుంచి దిగొచ్చు. మూడోది రాళ్ళబాటకి, 61 సెంటీమీటర్ల దాకా. నాలుగోది 122 సెంటీమీటర్ల దాకా. ఐదోదే మా వాడు వీడియోల్లో చూసేది. చాలా కంపెనీలు ఈ అంకెని ఫ్రేము మీద స్టిక్కరుగానో, పుస్తకంలోనో ఇస్తాయి. రెండడుగులంటే 61 సెంటీమీటర్లు. అంటే నేను దూకింది మూడో తరగతి అంచు, నా కింద ఉన్నదానికి ఏ తరగతీ లేదు. మనం ఏపీఐ డాక్యుమెంటేషన్ చదవకుండా కోడ్ రాస్తే బగ్గు వస్తుంది, దీన్ని చదవకపోతే ఎముక విరుగుతుంది. అందుకే వాడికి చెప్పిన మొదటి మాట, దుకాణంలో గేర్లెన్ని అని కాదు, ఎన్నో తరగతిదని అడుగు. చెప్పలేకపోతే బయటికి రా.

నా మట్టుకు నేను అనేది ఏమిటంటే, ముప్పై వేలలో ఫ్రీరైడ్ సైకిల్ రాదు గానీ, ముప్పై వేలలో మన నేల మీద తొక్కదగ్గ మంచి సైకిల్ వస్తుంది. వెనక షాకు లేకుండా ముందు మాత్రమే ఉండే హార్డ్‌టెయిల్. వెనక స్ప్రింగుకి పెట్టే డబ్బు చక్రాల్లోకి, బ్రేకుల్లోకి పోతుంది.

ఈ మాట సియాటిల్‌లో ఉన్న నా పాత టీమ్‌మేట్‌కి చెప్తే వాడు ఒప్పుకోలేదు. వాడు ఇసాక్వా దగ్గర డుతీ హిల్ అని సైకిళ్ళ కోసమే కట్టిన పార్కుకి వారం వారం పోతాడు. "ఫుల్ సస్పెన్షన్ లేకుండా దూకమని చెప్పకురా, పాపం తగుల్తుంది" అన్నాడు. వాడి బాధ నాకు అర్థమయింది. కానీ నార్త్ షోర్‌లో మొదలెట్టిన వాళ్ళలో చాలామంది తొక్కింది హార్డ్‌టెయిళ్ళే. పైగా వాడి నేల వేరు, మా నేల వేరు. విస్లర్‌లో లిఫ్ట్ సైకిల్‌ని మోసుకెళ్ళి కొండ మీద పెడుతుంది. మహబూబ్ ఘాట్ ఎక్కాలంటే మన కాళ్ళే లిఫ్టు. ఇక్కడ ఎంత దిగుతామో అంతా ముందు తొక్కి ఎక్కాలి, దిగుడు మొదలైన కాసేపటికే అయిపోతుంది. ఇరవై కిలోల డబుల్ షాకర్ మీద ఆ ఎక్కుడు ఎక్కితే, తొక్కిన బలంలో సగం ఆ స్ప్రింగుని ఊపడానికే పోతుంది.

నేల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఏ సైకిల్ రివ్యూలోనూ ఇది ఉండదు. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి. వాన పడ్డ మర్నాడు దాంట్లోకి దిగితే పది గజాల్లో టైరుకీ ఫోర్కుకీ మధ్య మట్టి నిండిపోయి చక్రం ఆగిపోతుంది, ఇక సైకిలే మన మీద ఎక్కుతుంది. లావు టైరు కావాలి నిజమే, కానీ టైరుకి రెండు పక్కలా వేలు దూరేంత జాగా లేకపోతే ఆ లావే శత్రువు. మార్చి నెలలో టేకు ఆకులు రాలి బాటంతా పరుచుకుంటాయి. అప్పడాల మీద తొక్కినట్టుంటుంది, కింద రాయుందో గుంతుందో తెలీదు. కరీంనగర్ వైపు ఎర్ర నేల, గ్రానైటు బండలు, మానేరు పక్కన ఇసుక. ఇక అన్ని చోట్లా తుమ్మ ముళ్ళు.

ఈ తుమ్మ ముల్లు దగ్గర మనవాళ్ళు రెండు వర్గాలు. ట్యూబ్‌లెస్ వేసి లోపల సీలెంట్ పొయ్యమంటారు కొందరు. మంచిదే, కానీ మన ఎండలకి అది కొన్ని నెలల్లో ఎండిపోతుంది, మళ్ళీ తెప్పించుకుని పోసుకోవాలి. మా వాడికైతే మామూలు ట్యూబే మేలు. కాకపోతే వాల్వు చూసుకోవాలి. మోటార్‌సైకిల్‌కుండే లావు వాల్వు అయితే ఏ పెట్రోలు బంకులో అయినా, ఉట్నూరులో అయినా గాలి పడుతుంది. సన్నటి ప్రెస్టా వాల్వు అయితే చిన్న అడాప్టర్ జేబులో ఉండాలి. అది మర్చిపోయిన రోజే పంచరవుతుంది, అదేంటో గానీ.

చక్రం విషయంలో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను. వెనక పళ్ళ చక్రాలు ఫ్రీవీలా, కాసెట్టా అని అడుగు. ఫ్రీవీల్ అయితే హబ్బులోని బేరింగు చాలా లోపలికి ఉంటుంది, గేర్ల వైపు ఇరుసు ఆసరా లేకుండా బయటికి సాగి ఉంటుంది. నాలుగుసార్లు దూకితే వంగుతుంది. కాసెట్ హబ్బులో బేరింగు అంచు దాకా వస్తుంది కాబట్టి తట్టుకుంటుంది. 7 గేర్ల చవక సైకిళ్ళు ఎక్కువగా ఫ్రీవీలే. 21 గేర్లని గొప్పగా రాస్తారు చూడండి, ముందు మూడు, వెనక ఏడు, అదే ఇది. గేర్లు తక్కువైనా పర్లేదు, ముందు ఒకటే పళ్ళ చక్రం ఉన్నా పర్లేదు.

బ్రేకులు హైడ్రాలిక్ డిస్కులే ఉండాలి. కేబుల్ డిస్కులైతే కరీంనగర్‌లో ఏ మెకానిక్ అయినా బిగిస్తాడన్న వాదన ఉంది, ఏమాటకామాటే, అది నిజమే. కానీ ఘాటు దిగేటప్పుడు ఒక్క వేలితో ఆగాలి, నాలుగు వేళ్ళూ బ్రేకు మీదే ఉంటే హ్యాండిల్ ఎవడు పట్టుకుంటాడు? ప్యాడ్లు ఒక జత ఎక్కువ కొనిపెట్టుకో అన్నాను. వెనక డీరైలర్‌ని పట్టుకునే చిన్న హ్యాంగర్ కూడా ఒకటి అదనంగా కొనమన్నాను. పడితే అదే ముందు వంగేది. ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం, మన ఊళ్ళో దొరకదు. దానికోసం కొత్త సైకిల్ నెలల తరబడి గోడకి ఆనుకుని నిలబడడం చూశాను.

సైజు. చిన్నమ్మ ఫోన్ లాక్కుని "పెరిగే పోరడు, ఒక సైజు పెద్దదే సూడు బిడ్డా" అంది. దసరా చొక్కా కాదు చిన్నమ్మా ఇది, అన్నాను. నిలబడ్డప్పుడు పైగొట్టం కాళ్ళ మధ్య తగలకూడదు, దూకేవాడికి మరీను.

డబ్బు లెక్కకొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 30 వేలున్నది 28,125 కి రావాలి. ఆ మిగిలిందాంట్లో ఒక హెల్మెట్ వస్తుంది. మోకాలి ప్యాడ్లు, గ్లవుజులు, మంచి ముందు టైరు కలిపి ఇంకో నాలుగు వేలు వేసుకుంటే సైకిల్‌కి మిగిలేది ఇరవై నాలుగు. దాంట్లో పైవన్నీ కొత్తవి దొరకడం కష్టమే. ముందు ఫోర్కు ఎలాగూ బరువైన స్ప్రింగుదే వస్తుంది. పర్లేదు, ఏడాది రెండడుగుల లోపే దూకుతూ నేర్చుకోమన్నాను. బండ్ల బాటలు చాలు. పాడుబడ్డ గ్రానైటు క్వారీల్లోకి వద్దు, అంచులు ఎప్పుడు జారతాయో తెలీదు. కవ్వాల్ అడవిలోకి అసలే వద్దు. 2012 నుంచి అది టైగర్ రిజర్వు, అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. పులి సంగతి తర్వాత.

అంతా విని వాడు "మరి పాతది దొరుకుతదా అన్నా?" అన్నాడు. నేను గొప్పగా ఉపన్యాసం అందుకున్నాను. 2020 లాక్‌డౌన్‌లో మా కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో కొన్న సైకిళ్ళకి లెక్కలేదు. 2023 లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ తెరిచినప్పుడు ఇంకొన్ని కొన్నారు. వాటిల్లో సగం హార్డ్‌టెయిళ్ళే, మంచి బ్రేకులవీ, కాసెట్లవీ, అన్నీ బాల్కనీల్లో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తున్నాయి, వాటిల్లో ఒకటి సగం ధరకి...

"నీది ఏం జేస్తున్నవన్నా?" అన్నాడు వాడు మధ్యలోనే.

బాల్కనీలోకి చూశాను. నాది ఆ ప్రమాదం తర్వాత, బుద్ధొచ్చాక, మూడు నెలలు స్పెసిఫికేషన్లు చదివి కొన్నది. మూడో తరగతి స్టిక్కరు చెక్కుచెదరలేదు. దాని మీద రెండు తువ్వాళ్ళూ మా పాప యూనిఫామూ ఉన్నాయి. కిందటేడు ఎప్పుడు తొక్కానో గుర్తు రాలేదు.

ఇచ్చేద్దామనే ఉంది గానీ నాది లార్జ్. వాడు ఐదడుగుల ఐదంగుళాలు. పెరిగే పోరడు అని చిన్నమ్మ మాట నేనే ఇప్పుడు అంటే బాగుండదు. కాబట్టి శనివారం దీన్ని దింపి, కడిగి, ఎవరైనా పొడుగు మనిషికి అమ్మి, ఆ డబ్బూ వాడి డబ్బూ కలిపి మీడియం ఒకటి వెతుకుదామని అనుకున్నాం. మీ బాల్కనీలో మీడియం ఫ్రేము, కాసెట్ వెనక చక్రం, హైడ్రాలిక్ బ్రేకులున్నది ఏదైనా తువ్వాళ్ళు మోస్తుంటే చెప్పండి. రంగు ఏదైనా పర్లేదు.