ప్రీలాంచ్ తగ్గింపు ఎవరి లాభం?

హైదరాబాద్ శివార్లలో తొలిసారి స్థిరాస్తిపై డబ్బు పెట్టాలనుకునేవారికి ప్రీలాంచ్ ఆఫర్‌ను మించిన ఆకర్షణ లేదు. పక్క ప్రాజెక్టులో చదరపు అడుగు 6,000 రూపాయలు ఉందనుకుందాం. ఇక్కడ మొత్తం సొమ్ము ఒకేసారి కడితే 4,000కే ఇస్తామంటారు. 1,500 అడుగుల ఫ్లాటు మీద 30 లక్షలు మిగిలినట్టే కనిపిస్తుంది. అప్పటికి అనుమతులుండవు. ఒక్కోసారి స్థలం కూడా బిల్డర్ పేరున ఉండదు, యజమానితో రాసుకున్న ఒప్పందం మాత్రమే ఉంటుంది. అలాంటి చోట గృహరుణం ఇవ్వడానికి బ్యాంకులు ముందుకు రావు. లెక్కల్లో ఆరితేరిన బ్యాంకే వెనకాడే చోట, తాకట్టేమీ లేకుండా 60 లక్షలు ఇస్తున్న మనిషి నిజానికి బిల్డర్‌కు అప్పు పెడుతున్నాడు. ఆ 30 లక్షలు ఆశ చూపిన వడ్డీ.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా) అడ్డుకోవాలనుకున్నది సరిగ్గా ఇలాంటి వ్యవహారాన్నే. చిన్నాచితకా కట్టడాలను మినహాయిస్తే, నమోదు కాకుండా ప్రకటనలివ్వకూడదు, బుకింగులు తీసుకోకూడదు. రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేనిదే ధరలో 10 శాతానికి మించి వసూలు చేయకూడదు. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. ఆ ప్రాజెక్టు స్థలానికి, నిర్మాణానికి తప్ప దాన్ని వాడకూడదు. ప్రీలాంచ్‌లో ఈ మూడు రక్షణలూ ఒకేసారి పోతాయి. ఇక్కడ కట్టిన డబ్బు ఇంకెక్కడో భూమికి అడ్వాన్సుగా మారినా అడిగే నాథుడుండడు.

‘యూడీఎస్ (స్థలంలో విడదీయని వాటా) రిజిస్ట్రేషన్ చేసిస్తున్నారు కదా, భూమైనా మిగులుతుంది’ అనేది తరచూ వినపడే ధీమా. వందలమందితో కలిసి రాయించుకున్న విడదీయని వాటాను ఒక్కరే కంచె వేసి అనుభవించలేరు, ఒక్కరే ఇల్లు కట్టుకోలేరు. బిల్డర్ చేతులెత్తేస్తే ఆ వాటాకు గిరాకీ దొరకడమూ కష్టమే. ముందు కొన్నవాళ్లే బాగుపడ్డారన్న వాదనలో కొంత నిజముంది. కాకపోతే శివార్లలోని కోకాపేటలోనో నార్సింగిలోనో ధరలు పెంచింది ప్రాంతం ఎదుగుదల. రెరా నమోదయ్యాక కొన్నవారికీ అందులో వాటా దక్కింది. మునిగినవాళ్లు మాత్రం పెళ్లి పందిళ్లలో తమ కథ చెప్పుకోరు.

నమోదైన ప్రాజెక్టులూ ఆలస్యమవుతున్నాయి, ఒప్పుకోవాల్సిందే. గడువు తప్పితే వడ్డీతో సహా వాపసు కోరే హక్కు రెరా చట్టం 18వ సెక్షన్ ఇస్తుంది. ఆ సొమ్మును భూమిశిస్తు బకాయిలా రాబట్టే వీలూ ఉంది. అయితే డబ్బు దారి మళ్లాక జప్తు చేయడానికి ఏదో ఒకటి మిగలాలి కదా! ఆదేశం చేతికి రావడం వేరు, సొమ్ము చేతికి రావడం వేరు.

అందుకే కొత్తవారు బేరం మొదలుపెట్టకముందే రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నంబరు వెతకాలి. సర్వే నంబర్లు, పూర్తిచేసే తేదీ బ్రోచర్‌తో సరిపోతున్నాయో చూడాలి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత హక్కు పత్రాలు) బిల్డర్ చూపించిన లాయరుకు కాకుండా సొంతంగా ఫీజిచ్చి పెట్టుకున్న లాయరుకు చూపించాలి. నంబరు ‘వచ్చే నెలలో వస్తుంది’ అంటే, చెక్కు కూడా వచ్చే నెలలోనే రాస్తానని చెప్పాలి.