ఫలితం ఊరికి చేరాలి

కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయలో లెట్యూస్, స్ట్రాబెర్రీ తోటలు మైళ్ల తరబడి ఉంటాయి. వాటిలో నడుం వంచి పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చిన కూలీలు. పురుగుమందు కొట్టిన చేల మధ్య బతికే తల్లుల కడుపులో బిడ్డకు ఏమవుతుందో చూడాలని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బ్రెండా ఎస్కెనాజీ బృందం 1999-2000లో 601 మంది గర్భిణులను చేర్చుకుని చమాకోస్ అనే అధ్యయనం మొదలుపెట్టింది. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా అది ఆగలేదు. గర్భంతో ఉన్నప్పుడు తల్లి మూత్రంలో ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల అవశేషాలు అందరికన్నా ఎక్కువగా కనిపించినవారి పిల్లలకు, అతి తక్కువ ఉన్నవారి పిల్లలతో పోలిస్తే, ఏడేళ్ల వయసులో ఐక్యూ సగటున 7 పాయింట్లు తక్కువని తేలింది.

ఈ అంకె ప్రపంచమంతా తిరిగింది. నాకు మాత్రం ఆ అధ్యయన కేంద్రాన్ని నడిపిన తీరు ఇంకా పెద్ద విషయమనిపిస్తుంది. క్షేత్ర కార్యాలయం సలీనాస్‌లోనే పెట్టారు. కూలీల భాషే మాట్లాడే స్థానికులను పనిలోకి తీసుకున్నారు. చేను నుంచి వచ్చాక పని బట్టలు మార్చుకున్న తర్వాతే బిడ్డను ఎత్తుకోమని తల్లులకు చెప్పారు. ఊళ్లో పిల్లలనే పరిశోధనలో భాగం చేశారు. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో 100 మంది అమ్మాయిలు మూడు రోజులపాటు కొన్ని రసాయనాలు లేని సబ్బులు, క్రీములే వాడారు. వాళ్ల మూత్రంలో ఆ రసాయనాల్లో మెథిల్ పారాబెన్ 44 శాతం, ట్రైక్లోసాన్ 36 శాతం తగ్గాయి. ఆ పరిశోధన నడపడంలో సలీనాస్ యువత కూడా పాలుపంచుకుంది.

ఇలాంటి కేంద్రానికి మేనేజరుగా ఉండటమంటే బిల్లులు పాస్ చేయడం ఒక్కటే కాదు. ఇంటింటికీ తిరిగే మనిషికి నెల తిరిగేసరికి జీతం అందాలి. ఏళ్లనాటి రక్తపు శాంపిళ్లున్న ఫ్రీజర్‌కు కరెంటు పోకూడదు. ఇల్లు మారిన కుటుంబం ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. బిడ్డ పెరగడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, గ్రాంటు మాత్రం కొన్నేళ్లకే ముగుస్తుంది. అమెరికాలో 1998 నుంచి ఇలాంటి పిల్లల ఆరోగ్య కేంద్రాలకు అక్కడి ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా నిధులిచ్చింది. 2019లో ఆ సంస్థ చేయి వెనక్కి తీసుకుంది. అది నిజంగా అన్యాయం.

మన దగ్గర ఇలాంటి కేంద్రాల మాట ఎత్తితే నాకు ముందు గుర్తొచ్చేది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడి, కొబ్బరి తోటల మధ్య మూత్రపిండాల జబ్బు ఇళ్లకు ఇళ్లను కుంగదీసింది. ఎన్నో బృందాలు వచ్చాయి, రక్తం తీసుకున్నాయి, బావినీళ్లు సీసాల్లో పట్టుకెళ్లాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకమూ వచ్చింది. ఇవన్నీ కావలసినవే. జబ్బుకు అసలు కారణం ఇదని మాత్రం ఇంకా తేలలేదు. అది తేలాలంటే అవే కుటుంబాలను ఏళ్ల తరబడి వదలకుండా చూడాలి. మూత్రపిండాల పనితీరు చెప్పే తన క్రియాటినిన్ ఎంతో, బావినీళ్లలో ఏముందో ఎవరూ చెప్పకపోతే, రక్తం ఇచ్చిన మనిషి మరోసారి ఎందుకు చెయ్యి చాపుతాడు?

సలీనాస్‌లో పరీక్షించిన పురుగుమందుల కుటుంబానికే చెందిన క్లోర్‌పైరిఫాస్ మన పురుగుమందుల దుకాణాల్లో దొరుకుతుంది. పత్తి తీసే ఆడవాళ్లకు, మిరపకాయలు కోసే ఆడవాళ్లకు ఇరవై ఏళ్లు వెంట ఉండే కేంద్రం మన విశ్వవిద్యాలయాల్లో ఎందుకు ఉండకూడదు? అలాంటిది పెట్టేటప్పుడు భవనం నమూనా కన్నా ముందు బడ్జెట్‌లో రెండు పద్దులు రాయాలని నా కోరిక: ఆ మండలాలవాళ్లకే ఇచ్చే శాశ్వత క్షేత్ర ఉద్యోగాలు, ప్రతి ఇంటికీ దాని ఫలితాన్ని తెలుగులో రాసి, చదివి వినిపించి వచ్చే ఖర్చు.