అమ్మిన ట్రాక్టరు, మారని పేరు

 పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. ఇంట్ల పాత ట్రాక్టరు ఉన్నోళ్లు, కొనాలనుకునేటోళ్లు మాత్రం పూర్తిగ చదవండి.

మొన్న పొద్దుగాల మా చెరువు కట్ట మీద నిలవడ్డ. చేపలు పట్టే తమ్ముడొకడు తన పాత తెప్ప అమ్ముతున్నడు. కొనేటాయన తెప్పను నీళ్లల్ల ఏసిండు, ఎక్కి కూసున్నడు, నడుమ దాక పోయొచ్చిండు. బాగనే ఉందన్నడు, పైసలు చేతుల పెట్టిండు, తెప్ప గుంజుకపోయిండు. పావుగంటల బేరం ముగిసింది. నేను చూసి నవ్వుకున్న. ఎందుకంటే ఇట్లనే తెప్ప అమ్మినట్టు ట్రాక్టరు అమ్మి నేను 70 వేలు పోగొట్టుకున్న.

2009ల బ్యాంకు లోను మీద 39 హార్స్ పవర్ ట్రాక్టరు తీసుకున్న. అప్పుడు మనదంతా వరంగల్ జిల్లానే, బండి నంబరు ఏపీ 36. కిస్తీలన్నీ కట్టిన. 2015ల కరువు పడ్డది, బోర్లు ఎండినయి, బండి ఖాళీగ నిలవడ్డది. పక్క మండలం ఆయన వచ్చి 2 లక్షల 60 వేలకు అడిగిండు. నలుగురు పెద్దమనుషుల ముందట వంద రూపాయల బాండు పేపరు రాసుకున్నం. ‘ఈ రోజు నుంచి బండితో నాకు సంబంధం లేదు’ అని అందుల రాపిచ్చిన. పేరు మార్పిడికి బ్రోకరు మూడు వేలు అడిగిండు. కొన్నాయన ‘తర్వాత చూసుకుందాం అన్నా’ అన్నడు. నేను కూడ సరే అన్న. మూడు వేలు మిగిలినయనుకున్న.

ఆయన రెండేండ్లు నడిపి ఇంకొకాయనకు అమ్మిండు. 2019ల ఒకనాడు రాత్రి ఆ ట్రాక్టరు మోటర్ సైకిల్‌కు తగిలింది. పిల్లగాని కాలు ఇరిగింది. బండికి ఇన్సూరెన్స్ లేదు. నష్టపరిహారం కేసు నోటీసు ఎవలికొచ్చింది? నాకు. నేను ఆ బండి మొఖం చూసి నాలుగేండ్లయింది. బాండు పేపరు పట్టుకొని వకీలు దగ్గరికి ఉరికిన. ఆయన పేపరు చూసి పక్కకు పెట్టి, ‘ఆర్సీల పేరెవలిది?’ అని అడిగిండు. అంతే, నా నోరు పడిపోయింది. రెండేండ్లు వరంగల్ తిరిగిన. ఆఖరికి లోక్ అదాలత్‌ల లక్షా 40 వేలకు రాజీ అయింది. సగం నేను కట్టిన, సగం నా దగ్గర కొన్నాయన కట్టిండు. ఆ ఏడు పత్తి పైసలు అట్లనే పోయినయి. నిజం చెప్పాలంటే ఆ పిల్లగాని తప్పేం లేదు, వానికి న్యాయంగ రావాల్సిన పైసలే. తప్పు నాది.

ఇది నా ఒక్కని ముచ్చట కాదు. సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసుల ఇదే తేల్చి చెప్పింది. అందుల బండి అమ్మినంక ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుకుంట పోయింది, ప్రమాదం అయింది. మోటారు వాహనాల చట్టం లెక్కన ఆర్సీల ఎవలి పేరుంటె వాళ్లే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్లదే అని కోర్టు అన్నది. బండి ఎవలి వాకిట్ల నిలవడ్డది, ఎవలు నడిపిర్రు, పైసలెప్పుడు ముట్టినయి అన్నది బాధితునికి సంబంధం లేదు. ఆలోచిస్తే అది న్యాయమే. దెబ్బ తిన్నోడు చేతులు మారిన ప్రతి మనిషిని దేవులాడుకుంట ఎక్కడ తిరుగుతడు?

మనోళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, బాండు పేపరు మీద ట్రాక్టరు అమ్ముడు సాదా బైనామా అసొంటిది. తెల్ల కాయిదం మీద భూమి కొన్నోళ్ల గోస మనకు తెల్వదా? దరఖాస్తులు పెట్టుకొని ఏండ్లకేండ్లు ఎదురు చూసిర్రు. పాసుబుక్కుల ఒక్క గుంట తక్కువ పడితే ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ చెప్పులు అరిగేదాక తిరుగుతం. అదే మనిషి మూడు లక్షల బండి అమ్మి ఆర్సీ సంగతి మర్చిపోతడు. తేడా ఒక్కటే. సాదా బైనామాల కొన్నోడు ఆగమైతడు, ట్రాక్టరు ముచ్చట్ల అమ్మినోడు ఆగమైతడు.

‘పేరు మార్పిచ్చుకునుడు కొన్నోని పని’ అని చానమంది అంటరు. నేను కూడ అదే అనుకున్న. చట్టంల సెక్షన్ 50 చూస్తే ఇద్దరి పని అని ఉన్నది. అమ్మినోడు 14 రోజులల్ల ఆర్టీవో ఆఫీసుకు తెలపాలె. కొన్నోడు 30 రోజులల్ల దరఖాస్తు పెట్టుకోవాలె. వేరే రాష్ట్రమాయనకు అమ్మితే, మన భూపాలపల్లి దిక్కు గోదావరి దాటితే మహారాష్ట్రనే గద, అప్పుడు ఎన్‌వోసీ కూడ కావాలె, దానికి 45 రోజుల గడువు. కాయిదాలు కూడ పెద్దగ ఏం లేవు:

1. ఫారం 29. బండి అమ్మినమని తెలిపే కాయిదం. సంతకం పెట్టిన కాపీ ఒకటి మీ దగ్గర ఉండాలె.

2. ఫారం 30. పేరు మార్పిడి దరఖాస్తు. ఇద్దరి సంతకాలు ఉంటయి.

3. ఫారం 35. లోను తీరినంక ఆర్సీ మీది ఫైనాన్స్ పేరు తీసేసే కాయిదం. కిస్తీలు అయిపోంగనే మనం ఊపిరి పీల్చుకుంటం గని ఇది మర్చిపోతం. పదేండ్లకు అమ్మేనాడు ఆ ఫైనాన్స్ ఆఫీసు ఎక్కడుందో దేవులాడుకోవాలె.

4. నడుస్తున్న ఇన్సూరెన్స్. కొన్నోడు 14 రోజులల్ల తన పేరు మీదికి మార్పిచ్చుకోవాలె.

5. ట్రాలీ ఆర్సీ. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటది. ఇంజనుకు పేరు మార్చి ట్రాలీకి మర్చిపోతే సగం పనే అయినట్టు.

ఇంకొకటి మా దిక్కు బాగ నడుస్తున్నది. లోను తీరకముందే బండి ఇచ్చేసుడు. ‘ఇప్పటిదాక కట్టింది నాకియ్యి, మిగిలిన కిస్తీలు నువ్వు కట్టుకో’ అని నోటిమాట. ఫైనాన్స్ వాళ్లకు ఈ ముచ్చట తెల్వది. కొన్నోడు రెండు కిస్తీలు కట్టకపోతే సిబిల్ పాడయ్యేది మీది. బ్యాంకుల పంట లోనుకు పోయిననాడు తెలుస్తది. అసలు లోను తీరని బండి అట్ల చేతులు మార్చుడే తప్పు. పోయి ఫైనాన్స్ ఆఫీసుల అడగండి, కొనేటాయన పైసలతోనే వాళ్ల ముందట లోను క్లోజ్ చేసి ఎన్‌వోసీ తీసుకోండి. సబ్సిడీ మీద వచ్చిన బండైతే మంజూరు కాయిదంల అమ్మొద్దనే షరతు ఉందేమో ముందుగాలనే చదువుకోండి.

ఇగ ధర సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. లెక్క చూడుండ్రి. పన్నుతో కలిపి 8 లక్షలు ఉన్న కొత్త బండి అసలు ధర 7 లక్షల 14 వేలు. దానికి 5 శాతం పన్ను కలిపితే 7 లక్షల 50 వేలు. అంటే కొత్త బండే 50 వేలు తగ్గింది. కొత్తది తగ్గితే పాతది తగ్గదా? ‘పోయినేడు గిసొంటి బండే నాలుగు లక్షలకు పోయింది, నాది కూడ అంతే’ అని మొండిగ కూసుంటే బండి చెట్టు కింద తుప్పు పడుతది. కొనేటోళ్లు కూడ కొత్తదాని ధర ఇయ్యాల ఎంతుందో కనుక్కొనే పాతదాన్ని అడగండి.

ఏ బండికైనా పేరు, విడిభాగాలు, మిస్త్రీ, ఈ మూడింటి మీదనే ధర నిలవడుతది. మహీంద్రా, స్వరాజ్ బండ్లకు మా దిక్కు బేరం జల్ది కుదురుతది. అవి బంగారం అని కాదు, మండల కేంద్రంల సామాను దొరుకుతది, ఊరి మిస్త్రీకి చెయ్యి అలవాటు. మంచి బండే అయినా సామాను కోసం హైదరాబాద్ పోవాలంటే కొనేటోడు వెనుకకు జరుగుతడు.

పాత బండి మొఖం చూసి కొనొద్దు, అది చేసిన పని అడిగి కొనాలె. మన మూడు జిల్లాలల్ల పనే వేరు వేరు. జనగామ చెల్కలల్ల తిరిగిన బండికి దుమ్ము ఎక్కువ, ఎయిర్ క్లీనర్ చూడకపోతే ఇంజను పొగ పెడుతది. కేజ్ వీల్స్ ఏసుకొని బురద పొలాలు దున్నిన బండికి ఆయిల్ సీల్లు, క్లచ్, ముందర ఇరుసు చూడాలె. భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కు గోదావరి ఇసుక, ఆకేరు ఇసుక మోసిన బండికి గేర్ బాక్సు, బ్రేకులు, ట్రాలీ హుక్కు అరిగి ఉంటయి. ఇసుక మోసుడు తప్పని అంటలేను, ఆ అరుగుదల ధరల కనబడాలె అంటున్న. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు ఊర్లను ముంచింది, కేసముద్రం దగ్గర వరద రైలు పట్టాలనే కోసుకపోయింది. వరదల నిలవడ్డ బండి కడిగి రంగేస్తే కొత్త పెండ్లికొడుకు లెక్క కనబడుతది. ఇంజన్ ఆయిల్ పాల తీరు తెల్లగ ఉన్నదా, గేర్ ఆయిల్ల నీళ్లున్నయా, సెల్ఫ్, వైరింగు ఎట్లున్నయి చూడుండ్రి.

అమ్మేటాయన మీరు రాకముందే బండి స్టార్ట్ చేసి పెడితే అనుమానపడాలె. చల్లగున్న ఇంజన్ మీ ముందట స్టార్ట్ చేపియ్యండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. రోటవేటరో కల్టివేటరో తగిలిచ్చి పైకి లేపి ఇంజన్ ఆపి చూడండి, జల్ది కిందికి దిగితే హైడ్రాలిక్ పని ఉన్నట్టు. అవర్ మీటరును నమ్మకండి, క్లచ్ పెడల్ అరుగుదలను, స్టీరింగ్ లూజును నమ్మండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం కలపండి.

ఎప్పుడు అమ్మాలె అన్నది కూడ ముఖ్యం. చానమంది కిస్తీ తారీకు మీద పడ్డప్పుడు, పెండ్లికో ఆసుపత్రికో పైసలు కావాల్సి వచ్చినప్పుడు అమ్ముతరు. కొనేటోడు మన మొఖం చూసే ధర తగ్గిస్తడు. దుక్కులు మొదలయ్యే ముందు, మే, జూన్‌ల బండికి గిరాకీ ఉంటది. అమ్ముడు ఎట్లాగూ తప్పదంటె ఆ నెలల అమ్మండి. కొత్త బండికి పాతది ఎక్స్‌ఛేంజ్ ఇచ్చేటోళ్లు ఇంకో మాట గుర్తుంచుకోండి. షోరూం ముందట బండి పెట్టి వచ్చినంత మాత్రాన మన పేరు పోదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. పాత బండ్ల వ్యాపారానికి అనుమతి ఉన్న డీలరుకు బండి అప్పజెప్పినట్టు ఫారం 29సీ పెడితే, అప్పటి నుంచి బాధ్యత డీలరు మీదికి పోతది. అనుమతి ఉందా అని అడగండి, ఆ కాయిదం చేతికి తీసుకోండి.

‘అన్నా, ఇన్ని కాయిదాలంటే కొనేటోడు పారిపోతడు’ అని ఒక బావ అన్నడు. పారిపోనియ్యి. పేరు మార్చుకోనన్నోడు ఇన్సూరెన్స్ కూడ కట్టడు. అసొంటోనికి మన పేరు అప్పజెప్తమా? నేనైతే ఇప్పుడు ఒకటే మాట చెప్త. ఆఖరి 30 వేలు ఆర్సీ మారినంకనే అన్న బేరం మనకు పనికిరాదు, ఎందుకంటే అందుల పైసలు ఆగేది మనవి, ఆ 30 వేలు మిగిలినయని కొన్నోడు పేరు మార్చుకోడు. బండి తాళం చెవి ఆర్టీవో ఆఫీసు ముందటనే ఇయ్యాలె. సంతకాలయినంకనే తాళం.

ఆఫీసులల్ల పని కాదు, రోజులు పోతయి, బ్రోకరు లేంది కాయిదం కదలదు అన్న మాట కూడ నిజమే. జిల్లాలు 2016 అక్టోబర్ 11న విడిపోయినయి, జనగామకు 27, మహబూబాబాద్‌కు 26, భూపాలపల్లికి 25 నంబర్లు వచ్చినయి, ఆఫీసు దగ్గరికొచ్చింది. అయినా ఏపీ 36 నంబరుతో, ఎన్నడో అమ్మిన ఓనర్ల పేర్లతో తిరిగే బండ్లు మా మండలంల ఎన్నో ఉన్నయి. భూభారతి కోసం 2025 జూన్‌ల ఊరూరికి రెవెన్యూ సదస్సులు పెట్టిర్రు గద. అట్లనే వానకాలం ముందు మండలానికి ఒక రోజు మార్కెట్ యార్డుల ట్రాక్టర్ల పేరు మార్పిడికి శిబిరం పెట్టాలె. సర్కారుకు ఫీజులొస్తయి, మనకు భయం పోతది. మన గ్రామసభల తీర్మానం చేసి జిల్లా రవాణా అధికారికి ఇద్దాం.

శిబిరం వచ్చేదాక ఆగకండి. ఈ రాత్రే మీ బీరువ తెరవండి. ఇంతకుముందు అమ్మిన బండ్లు, మోటర్ సైకిళ్లు ఎన్నున్నయో లెక్కబెట్టండి. కొన్నాయనకు ఫోన్ చేసి పేరు మారిందా అని అడగండి. మారలేదంటే ఇద్దరు కలిసి పోండి. చార్జీలు మీరే పెట్టుకోండి, నష్టం లేదు. నేను మూడు వేలు మిగిలిచ్చుకున్నోన్ని, దానికి 70 వేలు కట్టిన. మీరు కట్టొద్దు.

ఇట్లు, మీ రైతు అన్న.