కాలిన వ్రేలు – ఆ తరువాత

గంజి వార్చుటలో వ్రేలు కాలగానే మన యిండ్లలో వెదకునది సిరాబుడ్డి, లేదా వెన్న. రెండూ కూడవు. ఉంగరము తీసి, కుళాయి ధార క్రింద 20 నిమిషములు ఉంచవలెను. అంతటితో తీరదు, మేము చెప్పదలచినది ఆ తరువాతి సంగతి.

పొక్కు చిదపరాదు, ఆ చర్మమే పుండునకు మూత. ప్రక్క వ్రేలితో కలిపి కట్టరాదు, రెండును అతుక్కొనును. నొప్పికి జడిసి ముడిచియే ఉంచిన వ్రేలు అట్లే బిగిసిపోవును. డాక్టరు చెప్పినట్లు దినమును చాచి ముడుచుచుండవలెను. అప్పడములు వత్తు చేతికి, బరంపురం పట్టు నేయు చేతికి వ్రేలు వంగకున్న కూడెక్కడిది?

చీము, జ్వరము, తిమ్మిరి కనబడినను, 2 వారములలో మానకున్నను, 1962లో వెలసిన మన మెడికల్ కాలేజీ ఆసుపత్రికి ఆలసింపక పోవలెను. ధనుర్వాతపు సూది ఎప్పుడు వేసిరని అడుగుదురు. ఆ చీటీ భద్రముగా నుంచుకొనుడు.